కుజగ్రహం అల్లుడు

మన ఇళ్ళలో పెళ్ళి సంబంధం అనేసరికి అందరికన్నా ముందు వచ్చి పీట వేసుకుని కూర్చునేవాడు కుజుడు. పిల్ల జాతకంలో ఏడో ఇంట ఉన్నాడా, ఎనిమిదో ఇంట ఉన్నాడా, ఉంటే పిల్లవాడి జాతకంలోనూ ఉండి సరిపెట్టాడా లేదా, ఈ లెక్క తేలేదాకా తెచ్చిన కాఫీలు చల్లారిపోవలసిందే. భూమికి బాగా దగ్గరగా వచ్చిననాడు కూడా సుమారు అయిదున్నర కోట్ల కిలోమీటర్ల అవతల ఉండే గ్రహం అది. అంత దూరాన ఉన్నవాడు మన పెరటి అరుగు మీద జరిగే మాటల్లో ఇంత పెత్తనం చేస్తున్నాడంటే, ఇల్లు అనేది ఎంత పెద్దదో ఆలోచించండి!

సరే, కుజదోషం సంగతి మనకు తెలిసిందే. ఏకంగా కుజగ్రహంలోనే పుట్టి పెరిగినవాడు అల్లుడై వస్తే ఏం చెయ్యాలి? దీనికి మన పంచాంగాల్లో శాంతి చెప్పలేదు. కాని ఒక అమెరికా రచయిత్రి చెప్పింది. ఆమె పేరు కెరల్ కార్. 1969లో ఒక చిన్న కథ రాసింది. అందులో మాట్లాడేవాడు ఒక యూదు తండ్రి. గారాబంగా పెంచుకున్న కూతురు అంగారకవాసిని పెళ్ళి చేసుకుంది. వాడు మన మతం కాదు, మన కులం కాదు. అంతవరకూ అయితే లోకంలో ఉన్నదే. వాడు మనిషే కాదు! చూడబోతే ఏదో మొక్కలా ఉంటాడు. తండ్రి తల బాదుకున్నాడు. పూర్వకాలమైతే ఇలాంటి కూతురు చచ్చిపోయిందనుకుని మైల పట్టేవాళ్ళం అన్నాడు. తీరా కూతురు పురిటికి సిద్ధంగా ఉందని తెలిసేసరికి భార్యతో కలిసి ప్రయాణం కట్టాడు. ఎక్కడికి? కుజగ్రహానికి. అక్కడ ఆసుపత్రి వరండాలో మామా అల్లుళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ కూర్చోవలసి వచ్చింది. లోపల నొప్పులు పడుతున్నది ఒకరికి కూతురు, ఒకరికి భార్య. ఆ వరండాలో ఎంతసేపని బిగుసుకు కూర్చుంటారు?

ఈ కథలో రాకెట్టు ఎలా ఎగిరిందో, అక్కడి గాలిలో ఏ వాయువు ఎంత పాలు ఉందో రచయిత్రి పెద్దగా పట్టించుకోలేదు. ఆమెకు కావలసింది ఆ మామగారి ముఖం.

ఇలాంటివన్నీ ఏరి 1974లో జాక్ డాన్ అనే ఆయన ఒక సంకలనం తెచ్చాడు. యూదుల ఇంటి ముచ్చట్లతో నిండిన అద్భుత కథలూ, వైజ్ఞానిక కల్పనలూ అందులో ఉన్నాయి. దానికి ముందుమాట రాసినవాడు ఐజాక్ అసిమోవ్. రష్యాలో పుట్టి, పసితనంలోనే తలిదండ్రులతో అమెరికా చేరి, బ్రూక్లిన్‌లో నాన్నగారి మిఠాయి దుకాణంలో కూర్చుంటూ పెరిగి, తరువాత మరమనుషుల కథలతో లోకాన్ని ఏలిన మనిషి. ఆయన ముందుమాట రాయడంలోనే ఒక చమత్కారం ఉంది. నక్షత్రాల దాకా వెళ్ళిన ఊహకు మొదటి మెట్టు ఒక చిన్న దుకాణపు గుమ్మం.

ఆ కోవలోనిదే 1955లో ఏవ్రమ్ డేవిడ్‌సన్ రాసిన కథ. యూదుల పాత గాథల్లో 'గోలెమ్' అని ఒకటి ఉంది. మట్టితో చేసిన మనిషి. ప్రేగ్ నగరంలో, 1609లో గతించిన ఒక మహాపండితుడు వాడికి ప్రాణం పోశాడని చెప్పుకుంటారు. డేవిడ్‌సన్ కథలో కాలిఫోర్నియాలో ఒక ముసలి దంపతులు వరండాలో ఎండకు కూర్చుని ఉంటారు. బూడిదరంగు ముఖంవాడొకడు తిన్నగా వచ్చి వాళ్ళ దగ్గర కూర్చుని, తాను మనిషిని కాననీ, మానవజాతికి శత్రువుననీ ఉపన్యాసం మొదలుపెడతాడు. ముసలాయనకు వినే తీరిక లేదు. ముసలావిడకు అసలే లేదు. వాళ్ళ మధ్య అప్పటికే ఒక తగువు నడుస్తోంది. వాడు భయపెట్టబోయిన ప్రతిసారీ వీళ్ళకు ఇంటి సంగతేదో గుర్తుకొస్తుంది. చివరకు వాడి మాటల్లో మర్యాద తప్పిందని ముసలాయన ఒక్కటి చరుస్తాడు. లోపల తీగలేవో సరిచేసి, నుదుట హీబ్రూ అక్షరాలు రాసి, పెరట్లో గడ్డి కొయ్యమని పంపిస్తాడు. మానవజాతి దక్కింది. పెరడు కూడా శుభ్రపడింది.

మన కోనసీమ అగ్రహారాల్లో ఇలాంటి దంపతులు లేరనగలరా? ప్రళయం వచ్చి వీధి తలుపు తడితే, "ఎవరది? చెప్పులు అక్కడే విడిచి రండి" అనేవారు మనకు ఇంటికి ఒకరైనా ఉంటారు.

ఈ హాస్యానికి ప్రాణం ఎక్కడుందో కాస్త నిదానంగా చూద్దాం. అద్భుతం పెద్దది, మనిషి చిన్నవాడు అనుకుంటే భయం పుడుతుంది. అద్భుతమూ పెద్దదే గాని ఇల్లు అంతకన్నా పెద్దది అనుకుంటే నవ్వు పుడుతుంది. యూదులకు ఈ నవ్వు ఊరికే రాలేదు. శతాబ్దాల తరబడి ఒక దేశం నుంచి మరొక దేశానికి తరిమివేయబడ్డ జాతి. ఇరవయ్యవ శతాబ్దంలో అరవై లక్షలమందిని పోగొట్టుకున్న జాతి. భూమి కాళ్ళ కింద నిలవనివాడు ఇంటిని మాటల్లో కట్టుకుని మోసుకుపోతాడు. అమ్మ సణుగుడు, నాన్న వాదన, పండుగపూట వంట, మేనమామ గొప్పలు, ఇవి సంచిలో పడితే శుక్రగ్రహానికి వెళ్ళినా పరాయితనం ఉండదు.

మనకో? మనకు ఈ విద్య కొత్తది కాదు. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు పందొమ్మిదో శతాబ్దం చివరి రోజుల్లోనే 'సత్యరాజా పూర్వదేశయాత్రలు' రాశారు. 1726 నాటి స్విఫ్ట్ గలివరు ప్రయాణాలు ఆయనకు దారి చూపాయి. కాని గలివరును తెచ్చి గోదావరిలో మూడు మునకలు వేయించి, బొట్టు పెట్టి కూర్చోబెట్టారు పంతులుగారు. సత్యరాజాచార్యులు ఆడుమళయాళం అనే చోటికి పోతాడు. అక్కడ పెత్తనమంతా స్త్రీలది. అణగి మణగి ఉండవలసినవారు మగవారు. మన ఇంటిని పాత చొక్కాలా లోపలిపక్క బయటికి తిప్పి చూపించారన్నమాట. నవ్వుకుంటూ చదివిన గృహస్థుకు పుస్తకం మూసి వంటింటివైపు చూస్తే నవ్వు గొంతులో అడ్డుపడాలి. రెండో భాగంలో లంకాద్వీపం, అక్కడి మహాకాయులు. ఎక్కడికి పోయినా పంతులుగారి చూపు మాత్రం మన వీధి గడప మీదే!

ఆ రాజమహేంద్రవరంలోనే మధిర సుబ్బన్న దీక్షితులుగారు 'కాశీ మజిలీ కథలు' పన్నెండు భాగాలు రాశారు. మణిసిద్ధుడనే యతి కాశీకి పోతూ తోడుకోసం గోపుడనే పశులకాపరి పిల్లవాణ్ణి బతిమాలాడు. వాడు ఊరికే వస్తానన్నాడా? మజిలీ మజిలీకీ తాను చూసిన వింతకు కథ చెప్పాలని షరతు పెట్టాడు. భోజనాలయ్యాక మణి చూసి యతి కథ చెప్పాలి, వాడు వినాలి. అన్నం కుదిరాకే అద్భుతం.

మొక్కపాటి నరసింహశాస్త్రిగారి పార్వతీశం 1924లో మొగల్తూరు నుంచి బారిస్టరు చదువుకు ఇంగ్లండు బయలుదేరాడు. ఆనాటికి మొగల్తూరు నుంచి లండన్ దూరం ఈనాటి కుజగ్రహానికి తీసిపోదు. రాకెట్టు లేదు, ఓడ ఉంది, అంతే తేడా.

అన్నిటినీ మించి మనకు శశిరేఖ ఉంది. వ్యాసభారతం ఎంత వెదికినా అభిమన్యుడికి శశిరేఖతో పెళ్ళి కనిపించదు. అక్కడ అతని భార్య ఉత్తర. ఈ శశిరేఖా పరిణయం మన చెప్పుకోళ్ళలోనూ, నాటకాల్లోనూ పెరిగిన కథ. 1936లో ఒకసారి తెరకెక్కింది. 1957లో కె.వి.రెడ్డిగారి దర్శకత్వంలో 'మాయాబజార్' అయింది. అందులో ప్రియదర్శిని పెట్టె ఉంది. మూత తెరిస్తే ఎవరికి ప్రియమైనది వాళ్ళకు కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు కనిపించాడు. ఇప్పుడు అమెరికాలో ఉన్న మనవణ్ణి అరచేతిలో పట్టుకుని "చిక్కిపోయావురా" అంటున్న మామ్మగార్లు చూస్తున్నదీ ఆ పెట్టెలోకే గదా!

ఆ చిత్రంలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది మరొకటి. సుభద్ర కొడుకును వెంటబెట్టుకుని అడవిలో పోతుంటే ఘటోత్కచుడు అడ్డగిస్తాడు. అభిమన్యుడితో యుద్ధం. అవతల పర్వతమంత రాక్షసుడు, ఇవతల పసివాడు. సంగతి ప్రాణాలమీదికి వచ్చేటప్పటికి పేర్లు బయటపడతాయి. ఈవిడ భీముడి మరదలు, వాడు భీముడి కొడుకు. అంతే! గద కింద పడింది, తల వంగింది. ఒక్క క్షణం కిందట రాక్షసుడు, ఇప్పుడు అన్నగారు. తరువాత పెళ్ళి నిలబెట్టినవాడు ఎవరు? ద్వారకలో ఉన్న పెద్దమనుషులు కారు. ఏ విందుకూ ఎవరూ పిలవని ఆ హిడింబి కొడుకు. భూతాన్ని లొంగదీయడానికి యూదు పండితుడు నుదుట అక్షరాలు రాశాడు. మనవాళ్ళు వరస కలిపారు.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి గనుక ఇక్కడ ఒక చిన్న వ్యాకరణం విషయం మనవి చేస్తాను, విసుక్కోకండి. ఇంగ్లీషువాడికి 'వియ్' ఒక్కటే. హిందీవారికి 'హమ్' ఒక్కటే. మనకు రెండున్నాయి. 'మేము' అంటే ఎదుటివాణ్ణి గుమ్మం బయట నిలబెట్టి మాట్లాడటం. 'మనము' అంటే వాణ్ణి లోపలికి పిలిచి పీట వెయ్యడం. రావులపాలెంలో బస్సు ఎక్కండి. పక్క సీటాయన అడుగుతాడు: "ఏ ఊరండీ మనది?" ముక్కూ మొహం తెలియనివాడి ఊరు అడుగుతూ 'మనది' అంటున్నాడు. ఊరి పేరు తెలియకముందే ఆ ఊళ్ళో వాటా పుచ్చుకున్నాడు. ఇంత ఆదరం ఉన్న మాట ఎన్ని భాషల్లో ఉంటుంది?

కాని సుమండీ, నోటి 'మన' వేరు, గుండెలో 'మన' వేరు. పరీక్ష వచ్చినప్పుడే తేలుతుంది.

విలియమ్ టెన్ అనే రచయిత 1974లో శుక్రగ్రహం మీద యూదుల మహాసభ జరిగినట్టు ఒక కథ రాశాడు. చెప్పేవాడు టీవీలు బాగుచేసుకునే సంసారి. ఇల్లు ఇరుకు, పిల్లలు బోలెడు, పైన చుట్టాలు. ఆ సభకు ఎక్కడో నక్షత్రమండలం నుంచి కొన్ని ప్రాణులు వచ్చాయి. చూడబోతే దిండ్లలా ఉన్నాయి, ఒంటినిండా తీగల్లాంటి చేతులు. మేమూ యూదులమే, మాకూ సభలో చోటివ్వండి అన్నాయి. ఇంక చూడండి రభస! వంశవృక్షాలు తీశారు, శాస్త్రాలు తిరగేశారు. దిండు యూదుడెట్లా అవుతుందని కొందరు, ఇన్ని కష్టాలు పడ్డవాడు యూదుడు కాకపోతే మరెవరని కొందరు. చివరకు ఒక గురువు వాళ్ళను లోపలికి రానిచ్చే తీర్పే చెప్పాడు.

ఇది నవ్వులాటకు రాసిన కథేనని తీసిపారెయ్యకండి. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కొన్ని తెలుగు కుటుంబాలున్నాయి. ఇరవయ్యవ శతాబ్దం చివరి దశకాల నుంచి వారు యూదు ఆచారం పాటిస్తున్నారు. ఇశ్రాయేలులో పూర్వం తప్పిపోయిన పది గోత్రాల్లో ఎఫ్రాయీము గోత్రం తమదని చెప్పుకుంటారు. 'బెనె ఎఫ్రాయీము' అంటే ఎఫ్రాయీము సంతానమని అర్థం. ప్రార్థనామందిరం కట్టుకున్నారు, హీబ్రూ నేర్చుకున్నారు, శనివారం విశ్రాంతి పాటిస్తారు. పచ్చడి మెతుకుల్లో, మాటతీరులో అచ్చమైన తెలుగువాళ్ళు. వారు మనవారా కారా అన్న ప్రశ్న దేశదేశాల యూదుల్లో నేటికీ ఉంది. టెన్ శుక్రగ్రహం మీద పెట్టిన తగువు మన కృష్ణ ఒడ్డునే ఉందన్నమాట! కల్పన ఎంత పైకి ఎగిరినా దిగేది ఎవరిదో ఒకరి గుమ్మంలోనే.

లోపలికి రానివ్వకపోతే ఏమవుతుంది? దానికీ కథ ఉంది. 1963లో బెర్నార్డ్ మాలముడ్ రాశాడు. న్యూయార్కులో కోహెన్ అనే గృహస్థు ఇంటి వంటింటి కిటికీలోంచి ఒక నల్లటి పిట్ట వచ్చి వాలింది. కాకిలాంటి పిట్ట, మాటలు వచ్చు; యూదుడినంటుంది. దానికి కాస్త చేప ముక్క, రొట్టె ముక్క చాలు. ఆ ఇంటి పిల్లవాణ్ణి దగ్గర కూర్చోబెట్టి చదివించింది కూడా. మొదట్లో మనకు నవ్వే నవ్వు. ఇంటాయనకు మాత్రం దాన్ని చూస్తే ఒళ్ళు మంట. దాని వాసన, దాని పేదరికం, దాని పాతకాలపు మాట, తాను వదిలించుకుని వచ్చిందంతా ఆ పిట్టలో కనిపించింది కాబోలు. చలికాలంలో ఒకనాడు దాన్ని బయటికి విసిరేశాడు. మంచు కరిగాక పిల్లవాడు వెదుక్కుంటూ వెళ్ళి దాని శవాన్ని చూశాడు. ఈ కథలో నవ్వు ఏ వాక్యం దగ్గర ఆగిపోయిందో తెలియదు. ఆగిందని మాత్రం తెలుస్తుంది.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. గోదావరికి అటూ ఇటూ ఉన్న ఊళ్ళలో పిల్లలు దేశాంతరాల్లో లేని వీధి వెదికినా దొరకదు. నేను ఎరిగిన ఒక ఇంట్లో అమ్మాయి అక్కడే తనకు నచ్చిన ఒక పరదేశిని చేసుకుంది. తండ్రి చదువుకున్నవాడు, పరోపకారి, ఊళ్ళో ఎవరికి కష్టం వచ్చినా నిలబడేవాడు. అయినా ఆరునెలలపాటు ఆ ఇంట్లో అమ్మాయి పేరు వినిపించలేదు. గోడ మీద ఫోటో అలాగే ఉంది, ఎవరూ అటు చూసేవారు కారు. దీపావళినాడు ఫోను మోగింది. తండ్రి తియ్యలేదు, తల్లి తియ్యలేదు. ఎనభై ఏళ్ళ నాయనమ్మ తీసింది. ఏం మాట్లాడుతుందోనని ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టారు. ఆవిడ అడిగింది ఒక్కటే: "అబ్బాయికి గుత్తివంకాయ పడుతుందిటే? కారం తగ్గించి చేస్తున్నావా?"

వంటింట్లో ఎవరో ఫక్కున నవ్వారు. ఆ వెనకే తల్లి ఏడ్చింది. సంక్రాంతికి అల్లుడు వచ్చాడు. అరిటాకు ముందు బాసింపట్టు వెయ్యడం చేతగాక మూడుసార్లు ఒరిగిపోయాడు. నాలుగోసారి మామగారే భుజం పట్టుకుని నిలబెట్టారు.

ఆ నాయనమ్మ ఏ సంకలనమూ చదవలేదు. కాని కెరల్ కార్ కథ కీలకం ఆవిడకు తెలుసు. శాస్త్రం అడిగితే తలుపు మూసుకుపోతుంది. "అన్నం తిన్నాడా" అని అడిగితే తెరుచుకుంటుంది. ఇలాంటి ఇళ్ళు ఎన్ని ఉన్నాయో, ఇలాంటి మాట పడక మూగగా ఉండిపోయిన ఇళ్ళు ఎన్ని ఉన్నాయో! అందుకే నా విద్యార్థులతో అంటూంటాను. మనకు గణపతి ఉన్నాడు, పార్వతీశం ఉన్నాడు, ధవళేశ్వరంలో పుట్టిన ముళ్ళపూడివారూ నరసాపురంలో పుట్టిన బాపుగారూ కలిసి పెంచిన బుడుగు ఉన్నాడు. ఇంటి హాస్యానికి కొదవ లేదు. ఆ ఇంటి పైకప్పు తీసి ఆకాశం చూపించే కథలు ఇంకా రావాలి. మీరు రాయండర్రా అని.

ఎట్లా మొదలుపెట్టాలండీ అని అడిగిన ఒక అమ్మాయికి ఇలా చెప్పాను. రావులపాలెం అరటి మార్కెట్టులో గెలల మధ్య ఒక రథం దిగిందనుకో. అందులోంచి కుజగ్రహంవాడు దిగాడు. చేతులు ఆరు. ఫలానావారి అమ్మాయిని ప్రేమించాను, పెళ్ళి చెయ్యండి అన్నాడు. వాళ్ళమ్మ ఏమంటుంది? "ముందు ఆరు చేతులూ కడుక్కుని రా నాయనా, వడ్డిస్తాను" అంటుంది. తండ్రి ఏమంటాడు? ఉద్యోగం పర్మనెంటేనా అంటాడు. మేనమామ రథం మైలేజీ అడుగుతాడు. పురోహితుడు పిలవకుండానే వచ్చి పంచాంగం తీసి పెద్ద చిక్కు పెడతాడు. నవగ్రహ పూజలో కుజుణ్ణి భారద్వాజ గోత్రుడని గదా పిలుస్తాం. పిల్లదీ భారద్వాజ గోత్రమే. గ్రహాంతర వివాహమైతే అయింది గాని సగోత్రం ఎట్లా కుదురుతుంది?

ఇంటిల్లిపాదీ తల పట్టుకు కూర్చున్నారు. ఆరు చేతులతోనూ పెళ్ళికొడుకూ పట్టుకున్నాడు.

అప్పుడు అరుగు మీద వత్తులు చేసుకుంటున్న మామ్మగారు తల ఎత్తుతుంది. "గోత్రానికేం, ఎవరికైనా దత్తతిచ్చి చేద్దాం. అయినా వీడు పరాయివాడని ఎవరన్నారర్రా? కు అంటే భూమి, కుజుడంటే భూదేవి కొడుకు. సీతమ్మకు తోడబుట్టినవాడు. వాడి ఊరివాడంటే మన ఆడపడుచు తరఫు పిల్లవాడే. పాపం, ఎంత దూరం నుంచి వచ్చాడో ఏమో, ఆకు వెయ్యండి."